ఇటలీ స్కేటర్ డానియెల్ గ్రాస్ల్ ప్రస్థానంలో నాకు లెక్క తేలని మూడు విషయాలు

కావలి లెక్కల మేష్టారు (సెప్టెంబరు 2025)

సభ్యులందరికీ నమస్కారం. నేను కావలిలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు లెక్కలు చెబుతాను. మా చెల్లెలి కొడుకు నెల్లూరులో చదువుకుంటూ మూడేళ్ళుగా చక్రాల స్కేట్ల మీద సాధన చేస్తున్నాడు; వాడికిప్పుడు పదమూడేళ్ళు. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు రోజూ మధ్యాహ్నం, బయట అడుగుపెట్టలేని ఎండవేళ, డానియెల్ గ్రాస్ల్ అనే ఇటలీ కుర్రవాడి ఐసు స్కేటింగ్ వీడియోలు చూసేవాడు. మొదట కాలక్షేపానికి పక్కన కూర్చున్న నేను, వాడు ఊరికి వెళ్ళిపోయిన తరువాత కూడా చూస్తూనే ఉన్నాను.

అయితే ఆ అబ్బాయి ప్రస్థానంలో మూడు విషయాలు నాకు అర్థం కాలేదు. 2022 జనవరిలో టాలిన్‌లో జరిగిన యూరప్ పోటీల్లో రజతం, మరుసటి నెల బీజింగ్ ఒలింపిక్స్‌లో ఏడవ స్థానం, ఆ నవంబరులో షెఫీల్డ్ గ్రాండ్ ప్రీలో (ఏటా వేర్వేరు దేశాల్లో జరిగే స్కేటింగ్ పోటీల వరుసలో ఒకటి) స్వర్ణం సాధించినవాడు 2023–24 సీజనులో ఒక్కసారిగా ఎందుకు కనబడకుండా పోయాడు? డోపింగ్‌లో దొరికిపోయాడని ఎవరో అన్నందుకు మావాడు బడిలో తగవు పెట్టుకుని వచ్చాడు కాబట్టి నిజమేమిటో తెలిస్తే బాగుంటుంది. రెండవది, దూకి కిందపడినవాడికి ఒక్కొక్కసారి పడకుండా దిగినవాడికంటే ఎక్కువ మార్కులు ఎలా వస్తున్నాయి? మూడవది మా చెల్లెలి ప్రశ్న: మంచులో పుట్టినవాళ్ళకే వచ్చే విద్యేనా ఇది, దీన్ని నమ్ముకున్నవాళ్ళు తిండికి ఏం చేస్తారు? ఆమె అడిగిన తీరులో కొంత వెటకారం ఉన్నమాట నిజమే గాని, ప్రశ్న మాత్రం న్యాయమైనదని నాకు అనిపించింది.

ఒంగోలు–బోల్జానో

మేష్టారికి నమస్కారం. మాది ఒంగోలు. చదువు నిమిత్తం రెండున్నరేళ్ళు ఉత్తర ఇటలీలోని బోల్జానోలో ఉన్నాను. గ్రాస్ల్ పుట్టిన మెరానో అక్కడికి దగ్గరే కనుక, ముందుగా మీ చెల్లెలిగారి ప్రశ్న నుంచి మొదలుపెడతాను.

మెరానో అనగానే మంచుకొండ ఊహించుకుని వెళ్ళినవాళ్ళు అక్కడి వీధుల్లో తాటిజాతి చెట్లను చూసి ఆశ్చర్యపోతారు. చుట్టూ ఆల్ప్స్ ఉన్న మాట నిజమే గాని ఊరు లోయ అడుగున ఉంటుంది. ఆపిల్ తోటలు, ద్రాక్షతోటలు, ఊటనీళ్ళ స్నానశాలలు, మెత్తని వాతావరణం ఆ ఊరికి పేరు తెచ్చాయి. 2002 ఏప్రిల్‌లో అక్కడ పుట్టిన ఈ అబ్బాయి నైపుణ్యం సంపాదించింది ఆకాశం నుంచి రాలిన మంచు మీద కాదు, బోల్జానోకు దక్షిణాన ఉన్న ఎన్యా అనే చిన్న పట్నంలో, యంత్రం గడ్డకట్టించిన ఐసు మీద. అక్కడ లోరెంజో మాగ్రి అనే కోచ్ నడిపే శిక్షణ కేంద్రం ఉంది. మన కావలిలో నాలుగోవంతు కూడా లేని ఊరు అది.

ఆ ప్రాంతానికి మరొక విశేషముంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చిన భూమి కావడంతో ఇప్పటికీ ఎక్కువమంది ఇళ్ళలో జర్మన్ మాట్లాడతారు, కొన్ని లోయల్లో లాడిన్ అనే వేరే భాష ఉంది. గ్రాస్ల్ అనే ఇంటిపేరు ఇటాలియన్‌లా వినిపించకపోవడానికి కారణం అదే. తడ, సూళ్లూరుపేట వైపు ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష వాడే కుటుంబాలను చూసిన మనకు ఇది వింతేమీ కాదు. అతనికంటే ముందు అదే ప్రాంతం నుంచి కరోలినా కోస్ట్నర్ వచ్చింది: అయిదుసార్లు యూరప్ విజేత, 2012లో ప్రపంచ విజేత, 2014 సోచిలో ఒలింపిక్ కాంస్యం. ఆమె కూడా చిన్నవయసులోనే ఇల్లు విడిచి, సరిహద్దు దాటి, జర్మనీలోని ఒబెర్స్ట్‌డార్ఫ్‌లో మిఖాయెల్ హూత్ అనే కోచ్ దగ్గర సాధన చేసింది. సొంత దేశంలో జరిగిన 2006 టొరినో ఒలింపిక్స్‌లో ఇటలీ పతాకం పట్టుకుని నడిచి తొమ్మిదవ స్థానంతో సరిపెట్టుకుంది. 2010లో పదహారవ స్థానానికి పడిపోయింది. అయినా ఆగకుండా, ముప్పై ఒకటో ఏట ప్యాంగ్‌చాంగ్‌లో అయిదవ స్థానం తెచ్చుకుంది. ఇరవై దాటితే ఈ ఆట అయిపోయినట్టే అనుకునేవాళ్ళు ఆమె వరుసను ఒకసారి చూడాలి.

ఇక తిండి సంగతి. ఇటలీలో పోలీసు, సైనిక, కస్టమ్స్ శాఖలకు క్రీడా విభాగాలున్నాయి. పోటీ రాసి ఎంపికైన క్రీడాకారుడు ఆ శాఖ ఉద్యోగిగా నెలజీతం తీసుకుంటూ, సాధననే తన విధిగా చేస్తాడు. గ్రాస్ల్ రాజ్య పోలీసుల విభాగమైన ఫియామ్మె ఓరో తరఫున, కోస్ట్నర్ జైళ్ళశాఖ పోలీసుల విభాగమైన ఫియామ్మె అద్జుర్రె తరఫున పోటీపడ్డారు. మన రైల్వేలో క్రీడల కోటా ఉద్యోగం ఎలాగో ఇదీ అలాగే, అయితే ఇంకొంచెం నిశ్చింతగా ఉంటుంది. నా దృష్టిలో వాళ్ళ పతకాల వెనుక ఉన్న అసలు బలం ఇదే. చిన్నప్పటి నుంచి ఇంటికి దగ్గరలో రింకు, ఏళ్ళతరబడి అదే కోచ్, ముందుముందు జీతం వస్తుందన్న భరోసా: ఈ మూడూ ఒకచోట కుదిరినందువల్లనే 2019లో జాగ్రెబ్‌లో ప్రపంచ జూనియర్ కాంస్యం, 2021 చివర టొరినో గ్రాండ్ ప్రీలో కాంస్యం, ఆ తరువాత టాలిన్ రజతం వరుసగా వచ్చాయని నేను అనుకుంటాను.

మీ మొదటి ప్రశ్న చిక్కుముడి కూడా ఇక్కడే ఉంది. బీజింగ్ తరువాత అతను ఎన్యా విడిచి అమెరికా వెళ్ళాడు. వెళ్ళకుండా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. 2023 ఆరంభంలో మాస్కో వెళ్ళి రష్యా కోచ్ ఎతెరి తుత్‌బెరిద్జె దగ్గర సాధన చేశాడు. ఉక్రెయిన్ యుద్ధం జరుగుతున్న రోజులు కావడంతో ఇటలీలో దానిపై గట్టి విమర్శలు వచ్చాయి. కొద్ది వారాలకే తిరిగి వచ్చేశాడు. ఆ తరువాత వచ్చిపడింది మీ మేనల్లుడు తగవుపడిన వ్యవహారం. అతని రక్తంలోనో మూత్రంలోనో ఏదో దొరికిందని కాదు. పైస్థాయి క్రీడాకారులు ప్రతిరోజూ ఒక గంట పేర్కొని, ఆ గంటలో తాము ఎక్కడ ఉంటారో డోపింగ్ నిరోధక సంస్థకు ముందే తెలియజేయాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు ఆ సమాచారం తప్పినా, చెప్పినచోట దొరకకపోయినా, మందు వాడకపోయినా అది నేరమే. శిక్ష రెండేళ్ళ దాకా ఉండవచ్చు. ఆచూకీ నియమాల విషయంలో వచ్చిన ఈ చిక్కు వల్లనే అతను 2023–24కు దూరమయ్యాడు. కాబట్టి బడిలో జరిగిన తగవులో మీవాడు సగం గెలిచినట్టు లెక్క. తప్పు జరిగిన మాట నిజం, అది వాళ్ళనుకున్న తప్పు కాదు. ఏడాదిలో మూడు దేశాలు మారిన కుర్రవాడు ఏ రోజు ఏ తలుపు వెనుక ఉన్నాడో రాసిపెట్టడంలో తడబడ్డాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదు, అయితే దాన్ని సమర్థించనూలేను.

తిరిగి వచ్చి 2024 డిసెంబరులో గ్రెనోబుల్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ ఫైనల్‌కు అర్హత పొందిన ఆరుగురిలో ఒకడిగా నిలిచాడు. 2026 ఫిబ్రవరి ఒలింపిక్స్‌కు వేదిక ఇటలీలోని మిలానోయే. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళే.

చక్రాల కోచ్, ఒంగోలు

మేష్టారూ, మార్కుల లెక్క నేను చెబుతాను. ఒంగోలులో పిల్లలకు స్కేటింగ్ నేర్పుతున్నాను, ఐసు మీద మాత్రం జీవితంలో రెండుసార్లే నిలబడ్డాను. ఆ రెండుసార్లూ పడ్డాను.

2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్స్‌లో న్యాయనిర్ణేతల కుమ్మక్కు బయటపడిన తరువాత, ఆరుకు ఇంత అని వేసే పాత పద్ధతిని ఎత్తివేసి, 2004 నుంచి ప్రతి దూకుడుకూ (జంప్‌కూ) ఒక స్థిరమైన విలువ కట్టారు. ఇటీవలి పట్టిక ప్రకారం (లట్జ్, టో లూప్ అనేవి దూకుళ్ళ రకాలు) నాలుగు చుట్ల లట్జ్‌కు 11.5, నాలుగు చుట్ల టో లూప్‌కు 9.5, మూడు చుట్ల లట్జ్‌కు 5.9, మూడు చుట్ల టో లూప్‌కు 4.2. చేసిన తీరును బట్టి న్యాయనిర్ణేతలు మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా వేస్తారు. ఒక్కొక్క మెట్టుకు ఆ దూకుడు విలువలో పదోవంతు కలుస్తుంది లేదా పోతుంది. నాలుగు చుట్లూ పూర్తిచేసి, లట్జ్ నుంచి దిగేటప్పుడు పడ్డాడనుకుందాం. మైనస్ అయిదు పడితే సగం, అంటే 5.75 మిగులుతుంది, పడినందుకు విడిగా మరొక మార్కు కోస్తారు, చేతికి వచ్చేది 4.75. మూడు చుట్ల టో లూప్‌ను ఏ దోషమూ ఏ మెరుపూ లేకుండా దిగినవాడికి వచ్చేది 4.2. మీరు చూసింది ఇదే అయివుండాలి. అయితే అదే మనిషి మూడు చుట్ల లట్జ్‌ను శుభ్రంగా దిగివుంటే 5.9 వచ్చేది కదా!

చుట్లు పూర్తి కాకపోతే కథ మారుతుంది. పావు చుట్టుకంటే ఎక్కువ తగ్గితే విలువలో ఎనభై శాతమే ఇస్తారు, అంటే 11.5 కాస్తా 9.2 అవుతుంది, అర చుట్టు లేదా అంతకుమించి తగ్గితే దాన్ని మూడు చుట్ల దూకుడుగానే లెక్కిస్తారు. వీడియోను మెల్లగా తిప్పి చూసే సాంకేతిక నిపుణులు వేరే ఉంటారు. గ్రాస్ల్ విషయంలో ఇదే ఎప్పుడూ గుండె చిక్కబట్టుకునే చోటు. లట్జ్, ఫ్లిప్, లూప్ వంటి కష్టమైన దూకుళ్ళను నాలుగేసి చుట్లతో ఎత్తుకునే ధైర్యం అతనిది; కాని అతను మరీ ఎత్తుకు ఎగరడు, వేగంగా చుట్టుకుపోతాడు. మొత్తం గాలిలో ఉండేది ఒక సెకనులో ముప్పాతిక వంతు కూడా కాదు. ఆ ఇరుకులో నాలుగు చుట్లు సర్దాలంటే చివరి పావు చుట్టు ఐసు మీదికి మిగిలిపోతూ ఉంటుంది. నాకైతే అతని తరువాత వచ్చిన నికొలాయ్ మెమోలా ఎక్కువ ఇష్టం. మోంజాలో పుట్టిన ఆ కుర్రవాడు ఆరడుగులు దాటిన పొడగరి. పొడుగుమనిషి చుట్టూ తిరగడం ఎంత కష్టమో చెరుకుగడను, చెరుకుముక్కను చేతిలో తిప్పి చూస్తే తెలుస్తుంది. అయినా 2022లో జూనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచి, 2025 జనవరిలో అదే టాలిన్‌లో అదే రజతం తెచ్చుకున్నాడు.

అబ్బాయి గురించి ఒక మాట. అతను సాధన చేస్తున్నది ఒకే వరుసలో చక్రాలున్న వేగపు స్కేట్ల మీద అయివుంటుంది, మన జిల్లాల్లో ఎక్కువగా ఉన్నవి అవే. ఈ దూకుళ్ళు నేర్చుకోవాలంటే ముందు రెండేసి చక్రాలు రెండు వరుసలుగా, ముందువైపు రబ్బరు అడ్డు ఉన్న ఆర్టిస్టిక్ స్కేట్లకు మారాలి. లట్జ్, ఆక్సెల్, సాల్కోవ్ పేర్లన్నీ అక్కడ కూడా ఇవే. మన హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిందీ, తరువాత అర్జున పురస్కారం అందుకున్నదీ ఈ విభాగంలోనే. ఇటలీ కూడా చక్రాల ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో ప్రపంచంలో ముందువరుసలో ఉన్న దేశమని మీవాడికి చెప్పండి, మనసు కుదుటపడుతుంది.

ఐసు ఫ్యాక్టరీ, నెల్లూరు

నాకు స్కేటింగ్ తెలియదు. ఇక్కడ ఐసు గురించి మాట్లాడుకుంటున్నారని చూసి లోపలికి వచ్చాను. ఇరవై రెండేళ్ళుగా రొయ్యల లారీలకు, జువ్వలదిన్నె వైపు పడవలకు ఐసు పోస్తున్న ఫ్యాక్టరీలో కంప్రెసర్లు చూసుకునే పని నాది. ఎన్యా ఐసు యంత్రం చేసిందేనని చదివాక రెండు రోజులు ఈ రింకుల గురించి వెతికాను.

పని సూత్రం మా ఫ్యాక్టరీలో ఉన్నదే. మేము అమ్మోనియాతో ఉప్పునీటి తొట్టిని సున్నాకు బాగా దిగువకు చల్లార్చి, నీళ్ళు పోసిన డబ్బాలను అందులోకి దించి, మరునాటికి దిమ్మలు తీస్తాం. రింకులో ఆ చల్లని ఉప్పునీటినో, గడ్డకట్టని మరో ద్రవాన్నో కాంక్రీటు గచ్చు కింద పరిచిన గొట్టాల్లో తిప్పుతారు. పైన నీళ్ళను పలుచగా, పొర మీద పొరగా చల్లుతూ మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల మందానికి తీసుకువస్తారు. అంతర్జాతీయ రింకు అరవై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు. నాలుగు సెంటీమీటర్ల మందం వేసుకుంటే డెబ్బై రెండు ఘనపు మీటర్లు, బరువు అరవై ఆరు టన్నులు. మేష్టారు సరిచూసుకోవచ్చు. రొయ్యల సీజనులో ఆ పాటి ఐసు మాకు పెద్ద విషయం కాదు.

కష్టం దాన్ని నిలబెట్టడంలో ఉంది. మా దిమ్మ ఫ్యాక్టరీ దాటిన క్షణం నుంచి కరగడం మొదలుపెట్టినా ఎవరూ అడగరు, రొయ్య పాడుకాకుండా చెన్నై చేరితే చాలు. రింకు ఐసు పైభాగం ఉదయం నుంచి రాత్రి దాకా మైనస్ మూడు, నాలుగు డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలట. మరీ గట్టిపడితే బ్లేడు కరవదు, పెళుసుగా చిట్లుతుంది. మెత్తబడితే గాడి పడుతుంది. హాకీ ఆడేవాళ్ళకు ఇంకొంచెం గట్టిగా కావాలట, ఇద్దరూ ఒకే రింకు పంచుకుంటే నాలాంటి వాడి పాట్లు ఎవరు చూడాలి! బ్లేళ్ళు గీసిన గీతలు పూడ్చడానికి వేడినీళ్ళు పోస్తారని చదివినప్పుడు మొదట నమ్మలేదు, తరువాత ఆలోచిస్తే సబబే: వేడినీళ్ళు పైపొరను కాస్త కరిగించి దానితో ఏకమై గడ్డకడతాయి, గాలిబుడగలు తక్కువ. మన నెల్లూరులో వేడికంటే పెద్ద శత్రువు సముద్రపు గాలిలోని తేమ. తలుపు తీసిన ప్రతిసారీ లోపల పొగమంచు కమ్ముతుంది, కప్పు నుంచి చుక్కలు రాలి ఐసు మీద బొడిపెలు కడతాయి. గాలిలోని తేమను లాగే యంత్రాలకు, కంప్రెసర్లకు కలిపి వచ్చే కరెంటు బిల్లు తలచుకుంటేనే నాకు చెమట పట్టింది. డెహ్రాడూన్‌లో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన రింకు నడిపే ఖర్చు మోయలేక ఏళ్ళతరబడి మూతపడి, 2025లో మళ్ళీ తెరుచుకుందని చదివాను. కట్టినవాళ్ళు బిల్లు గురించి ముందు ఎవరినీ అడగలేదేమో.

ఫిజియో, నెల్లూరు

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి వెళతాను. నాలుగు చుట్ల దూకుడు దిగేటప్పుడు ఒంటికాలి మీద పడే బలం శరీర బరువుకు అనేక రెట్లు ఉంటుంది, అదీ రోజుకు పదులసార్లు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల ఎముకల కొసలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. 2022 జూన్‌లో ఫుకెట్‌లో సమావేశమైన అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య పెద్దల పోటీలకు కనీస వయసును పదిహేను నుంచి పదిహేడుకు పెంచడానికి బీజింగ్‌లో పదిహేనేళ్ళ బాలిక (రష్యా స్కేటర్ కమీలా వలియేవా) మీద పడిన ఒత్తిడి ఒక్కటే కారణం కాదు, ఇటువంటి గాయాలు కూడా కారణం. అబ్బాయికి చక్రాల మీద ఒక చుట్టు దూకుడు శుభ్రంగా వచ్చేదాకా వీడియోలో చూసినదాన్ని సిమెంటు గచ్చు మీద ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పండి. సిమెంటు గచ్చు మీద ప్రయత్నించి మా దగ్గరికి వచ్చినవాళ్ళను చూశాను కాబట్టి చెబుతున్నాను.

కావలి లెక్కల మేష్టారు

అందరికీ కృతజ్ఞతలు. అరవై ఆరు టన్నుల లెక్క సరిచూశాను, సరిగ్గానే ఉంది. బోల్జానోలో చదివిన ఒంగోలు మిత్రుని సమాధానం మావాడికి చదివి వినిపిస్తే, సగం గెలుపుకు సంతోషించాడు గాని, గ్రాస్ల్ ఎన్యా విడిచి వెళ్ళకుండా ఉంటే బాగుండేదన్న ఆయన అభిప్రాయం ఒప్పుకోలేదు. షెఫీల్డ్ స్వర్ణం వెళ్ళిన తరువాత వచ్చిందే కదా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తారా ప్రసాద్ అమెరికాలో పుట్టి, అక్కడే నేర్చుకుని, భారత పౌరసత్వం తీసుకుని మన జాతీయ విజేత అయిన సంగతి కూడా వాడే నాకు చెప్పాడు. ఐసు ఉన్నచోటికి మనిషి వెళ్ళక తప్పదని వాడి వాదన.

ఒంగోలు–బోల్జానో

అబ్బాయి మాట కాదనలేను. షెఫీల్డ్ సంగతి నేను పక్కనపెట్టి మాట్లాడిన మాట నిజం. అయితే ఆ స్వర్ణానికి కావలసిన దూకుళ్ళు అమెరికా వెళ్ళకముందే అతని కాళ్ళలో ఉన్నాయని మాత్రం నేను ఇప్పటికీ అంటాను. తారా ప్రసాద్ ఎక్కడికీ వెళ్ళవలసిన అవసరం రాలేదు, ఆమె పుట్టినచోటనే ఐసు ఉంది. ఆ తేడా కూడా వాడికి చెప్పండి.

కావలి లెక్కల మేష్టారు

చెబుతాను. మా చెల్లెలు ఆర్టిస్టిక్ స్కేట్లు కొనడానికి ఒప్పుకుంది, రైల్వే కోటా అన్న మాట బాగా పనిచేసింది. ఒంగోలు కోచ్ గారిని దసరా సెలవుల్లో కలుస్తాం. ఐసు ఫ్యాక్టరీ మిత్రునికి ఒక విన్నపం: మావాడు తన జన్మలో నీళ్ళగ్లాసులో తప్ప ఐసును చూడలేదు. వచ్చే ఆదివారం మీ ఫ్యాక్టరీకి తీసుకురావచ్చునా?

ఐసు ఫ్యాక్టరీ, నెల్లూరు

తప్పకుండా తీసుకురండి. ఉదయం ఏడింటికి దిమ్మలు తీస్తాం, ఆ వేళకు వస్తే చూడవచ్చు. చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రమ్మనండి. స్కేట్లు మాత్రం ఇంట్లోనే పెట్టి రావాలి.